మూడు పదిహేడుకి ల్యాబులో

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు ల్యాబ్ అసిస్టెంటు కటకాలన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దింది. ఫిజిక్స్ ల్యాబుకీ సామాన్ల గదికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. విద్యార్థులు చీటీ ఇచ్చి ఆ కిటికీలోంచే పరికరాలు తీసుకుంటారు, అందులోంచే తిరిగి ఇస్తారు. సామాన్ల గది వైపు ఆమె స్టూలు.

రోజూ మూడు గంటల పదిహేడు నిమిషాలకు ల్యాబులో కాలం మెలిక తిరుగుతుంది. నాలుగు నిమిషాలు నడిచి మొదటికొస్తుంది, మళ్లీ నడిచి మళ్లీ మొదటికొస్తుంది, మూడోసారి నడిచి తన దారిన ముందుకు పోతుంది. లోపలున్నవాళ్లకి ఏమీ తెలియదు. చేతి గడియారాలు మాత్రం ఎనిమిది నిమిషాలు వెనకబడతాయి. పైకప్పు మార్చిన ఏడాది నుంచీ ఇంతే. టైం టేబుల్లో ఆ పీరియడు ఖాళీగా వదిలేశారు. మొదటి నాలుగు నిమిషాల్లో కిటికీలోంచి బయటికి అందించిన సుద్దముక్క, కాలం తిరగ్గానే మళ్లీ లోపల పళ్లెంలో ఉంటుంది, బయటికొచ్చింది బయటే ఉంటుంది. ఐదేళ్లుగా కాలేజీ సుద్ద కొనలేదు.

ఆ గురువారం టీవీ ప్రొఫెసర్ వచ్చాడు. పన్నెండేళ్ల కిందట, పాత పైకప్పు రోజుల్లో, ఆయన ఇక్కడే హెడ్డు. ఇప్పుడు సినిమాల్లో సైన్సు ఎంత నిజమో టీవీలో చెబుతాడు. ఒకే రోజును మళ్లీ మళ్లీ బతికే హీరోల కథలకు ఫిజిక్స్ ఒప్పుకుంటుందా అన్నది ఈ వారం విషయం. పాత ల్యాబులో, పాత బోర్డు ముందు నిలబడి చెబితే బాగుంటుందని ఆయనకే తోచింది.

ల్యాబ్ అసిస్టెంటు వాళ్లన్న అప్పట్లో ఆయన కింద అటెండరు. విదేశం నుంచి తెప్పించిన స్పెక్ట్రోమీటరు ఒకరోజు ముక్కలై అటెండరు బీరువాలో దొరికింది. తాగి పగలగొట్టి దాచాడని హెడ్డు రాసిచ్చాడు. అన్న చుక్క ముట్టని మనిషి. సర్వీసు పుస్తకంలో ఆ ఒక్క వాక్యం చూసి మరే కాలేజీ అతన్ని గడప తొక్కనివ్వలేదు. ఇప్పటికీ ఇంట్లో గాజు గ్లాసు ముట్టుకోడు. ఆ వాక్యం కొట్టేయమని చెల్లెలు రెండుసార్లు అర్జీ పెట్టింది. సాక్ష్యం తెమ్మన్నారు. సాక్ష్యం పోయిన చోటే వెతకాలని ఆమె ఇక్కడ ఉద్యోగంలో చేరింది.

"సార్, మూడుంబావు దాటాక లోపల ఉండకండి," అంది గుమ్మంలో నిలబడి, నలుగురికీ వినపడేలా.

ఆయన తల కూడా తిప్పలేదు. "ఇదిగో అమ్మాయ్, ఈ ల్యాబు గురించి నాకు చెబుతున్నావా? నీ పని నువ్వు చూసుకో."

"చెప్పడం నా వంతు సార్."

వద్దంటే చేస్తాడని ఆమెకు తెలుసు. అటెండర్ల మాట వినే అలవాటు ఆయనకు అప్పుడూ లేదు.

కెమెరామన్‌ని ఆమె ముందే సామాన్ల గదిలోకి పిలిచింది. "లోపల పెట్టావంటే నీ కెమెరా కూడా మొదటికొస్తుంది. ఏమీ మిగలదు."

"తెలుసక్కా. మా అత్తగారి వంటింట్లోనూ ఇదే గోల. ఒకటే గిన్నె పాలు, రెండుసార్లు పొంగుతాయి." అతను కెమెరాను కిటికీకి ఆనించాడు. "పొద్దుట్నుంచీ నన్ను ఒరేయ్ ఒరేయ్ అంటూనే ఉన్నాడు. నువ్వు చాలనేదాకా తిప్పుతా."

మూడు పదిహేడు. ప్రొఫెసర్ సుద్ద తీసుకుని బోర్డు మీద గుండ్రంగా గీశాడు.

"కాలం ఇలా వంగి మొదటికి రావడం సమీకరణాల్లో ఉంది. ఎవరూ చూడలేదు. కుదరదని ఎవరూ రుజువూ చెయ్యలేదు. సినిమావాళ్ల అబద్ధం వేరే చోట ఉంది. హీరోకి అంతా గుర్తుంటుంది! కాలం నిజంగా మొదటికొస్తే చల్లారిన కాఫీ వేడెక్కుతుంది, గడియారం వెనక్కెళుతుంది, బుర్ర కూడా వెనక్కెళుతుంది. గుర్తుండాలంటే బయట నిలబడి చూసేవాడు కావాలి. లోపలివాడు 'నాకు గుర్తులేదు, కాబట్టి జరగలేదు' అంటే అది ఫిజిక్స్ కాదు."

"లైటు సర్దుతున్నాం సార్, ఒక్క నిమిషం," అంది ఆమె కిటికీలోంచి. "ఈలోగా ఒక మాట. అప్పట్లో ఆ స్పెక్ట్రోమీటరు పగలగొట్టింది ఎవరు సార్?"

"ఇంకెవడు, ఆ తాగుబోతు. సింకు అంచుకేసి కొట్టాడు. నేను ఆ రోజు ఊళ్లోనే లేను."

ఆమె చీటీ మీద 'సింకు' అని రాసుకుంది. ముక్కలు బీరువాలో దొరికాయి. ఎక్కడ పగిలిందో ఏ కాగితంలోనూ లేదు.

మూడు ఇరవై ఒకటి. బోర్డు మీద గీత పోయింది. సుద్ద పళ్లెంలోకి వచ్చింది. ప్రొఫెసర్ సుద్ద తీసుకుని గుండ్రంగా గీసి, అవే మాటలు, అదే చేతి ఊపుతో చెప్పాడు.

"లైటు సర్దుతున్నాం సార్. ఆ రోజు స్పెక్ట్రోమీటరు సింకు అంచుకి తగిలినప్పుడు నేను ఈ కిటికీ దగ్గరే ఉన్నాను. అన్నకి క్యారేజీ తెచ్చాను. మిమ్మల్ని చూశాను."

పచ్చి అబద్ధం. ఆ రోజు ఆమె జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది.

ప్రొఫెసర్ చేతిలో సుద్ద ఆగిపోయింది. "కెమెరా?"

"ఆపేశారు సార్."

"చూస్తే చూశావ్. చెయ్యి జారింది. వారంలో నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. ఎవడో ఒకడి నెత్తిన పడాలి కదా, మీ అన్న నెత్తిన పడింది. పన్నెండేళ్లయింది, ఇప్పుడు నువ్వు చెబితే నమ్మేదెవరు? పో, పని చూసుకో."

"అదే చూసుకుంటున్నాను సార్."

"వచ్చిందక్కా," అన్నాడు కెమెరామన్, పెదవి కదపకుండా.

మూడు ఇరవై అయిదుకి బోర్డు మళ్లీ శుభ్రమైంది. ఆయన మూడోసారి గీసి, మూడోసారి చెప్పాడు. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. "చాలా బాగా చెప్పారు సార్. మంచినీళ్లు తాగండి," అని గాజు గ్లాసు కిటికీలోంచి అందించింది. ఆయన గటగటా తాగేసి, కెమెరామన్ వైపు వేలు చూపించాడు.

"చూశావురా? ఒక్క టేకులో!"

ఆదివారం ఛానల్ వాళ్లు మూడుసార్లదీ ఒక్క ముక్క కత్తిరించకుండా వేశారు. సోమవారం ప్రిన్సిపాల్ విచారణకు పిలిస్తే ప్రొఫెసర్ బల్ల గుద్దాడు. ఆ మాటలు తను అనలేదన్నాడు. తనకు గుర్తే లేదన్నాడు. గుర్తులేదు కాబట్టి జరగలేదంటే అది ఫిజిక్స్ కాదని బోర్డు ముందు ఆయన చెప్పిన వాక్యాన్నే ప్రిన్సిపాల్ వీడియోలోంచి ఆయనకు వినిపించాడు. అప్పుడాయన పట్టు మార్చాడు. "నేను మాట్లాడింది నాలుగు నిమిషాలు. పన్నెండు నిమిషాల వీడియో ఎలా వస్తుంది? ఇదంతా అల్లిక. లెక్క చూపించండి."

ఆ వారాంతానికి అన్న సర్వీసు పుస్తకంలో ఆ వాక్యం మీద ఎర్రసిరా గీత పడింది. ఛానల్ ప్రొఫెసర్ కార్యక్రమాన్ని ఆపేసింది. లెక్క ఎలా తేలిందో ల్యాబ్ అసిస్టెంటుకు మరో నాలుగు రోజులకి గానీ తెలియలేదు. గేటు ఎదురుగా ఉన్న వాచీల కొట్టాయన, తననీ ఒరేయ్ అన్నందుకు, తన రిపేరు పుస్తకాన్ని స్వయంగా తెచ్చి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాడట. ఆ గురువారం సాయంత్రం నాలుగు గంటలకు ప్రొఫెసర్ సొంత దస్తూరితో రాసి, కింద సంతకం చేసిన ఫిర్యాదు అందులో ఉంది, నాలుగుకీ పన్నెండుకీ మధ్య తేడాతో సహా: "వాచీ మూడుంబావు దాకా సరిగ్గా నడిచింది. మూడున్నరకు చూస్తే ఎనిమిది నిమిషాలు వెనక ఉంది. కారణం తెలియజేయాలి."