అవ్వ పేరు మీద ఐదు కిలోలు

మా ఆయన అన్న, మా బావ లింగమూర్తికి సైన్యమంటే ఎంత గౌరవమో చెప్పాలంటే ముందు రమ్ము సీసా పేరెత్తాలి. మా ఆయన పరుశురాం పదిహేడేళ్ళు సైన్యంలో చేసి, హవల్దారుగా దిగి, సూరత్ వచ్చి హజీరాలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ పనిలో చేరాడు. మద్యనిషేధం ఉన్న ఈ గుజరాత్‌లో పర్మిట్‌తో మందు తెచ్చుకునే భాగ్యం మా వంశంలో ఆయనొక్కడిదే. నెలనెలా వచ్చే ఆ మిలిటరీ కోటా సీసా పక్కవాడికి ఇవ్వకూడదని రూలు. అన్న పక్కవాడెట్లా అవుతాడని మా ఆయన వాదన. మంచివాడు లెండి, ఇంటికి చేటు తెచ్చేంత మంచివాడు.

ఒక్క సీసాయేనా! మిలిటరీ క్యాంటీన్‌లో ధర తక్కువని మిక్సీ, కుక్కర్, ఫ్రిజ్, అన్నీ మా కార్డు మీదే బావ ఇంటికి చేరాయి. "మా తమ్ముడు ఫౌజీ" అని వాళ్ళ పేట పర్వత్ పాటియా అంతా చాటింపు వేసుకున్నాడు. సిగ్గులేని జన్మ!

అలాంటి మనిషిని మేం అడిగింది ఒక్కటే. కొడుకులిద్దరూ అవ్వ అని పిలిచే మా అత్త వెంకటవ్వ మా దగ్గరే ఉండేది. ముప్పై ఏళ్ళు కండెలు చుట్టి, నూలు దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. మాజీ సైనికుల హెల్త్ కార్డులో ఆమె పేరు ఎక్కితే పెద్దాసుపత్రిలో వైద్యం ఉచితం. దానికి ఆమె మాతోనే, మా మీదే బతుకుతోందని కాగితం చూపాలి. ఆమె పేరేమో బావ రేషన్ కార్డులో ఉంది. అక్కడ కొట్టేయించడానికి ఆయన సంతకం కావాలి, అంతే.

మొదటి లాక్‌డౌన్ తెరిచాక కాగితం పట్టుకుని నేనే వెళ్ళాను.

"సంతకానికేముంది జమునా, పెడ్త. గని సర్కారు ఇప్పుడు మనిషికి ఐదు కిలోలు ఫ్రీగ ఇస్తుంది గద! కరోనా పోనీ, జర ఆగుండ్రి."

"అత్తమ్మ తినేది మా ఇంట్ల. గింజలు నీ ఇంటికొచ్చుడేంది బావా?"

"ఇంట్లోల్ల నడుమ గిట్ల లెక్కలు తీస్తరా?"

ఐదు కిలోలు! ఇద్దరు కొడుకులు సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, సంపాదిస్తున్న ఇంట్లో! అమ్మకు అన్నం పెట్టనివాడు పిన్నమ్మకు కోక పెడతానన్నాడట. ఈయన ఆ పెట్టని అన్నం కూడా ఎత్తుకుపోయాడు. దీపావళి పోనీ అన్నాడు, ఉగాది రానీ అన్నాడు. మా ఆయన మాత్రం "అన్న పెడ్తడు తియ్యే" అంటూ నెలనెలా సీసా మోశాడు. ఆయన మీదా నాకు కోపమే, దాచుకోను.

మరుసటి ఏప్రిల్‌లో అత్తకు జ్వరం, ఆయాసం వచ్చాయి. మా కార్డు చెల్లే ఆసుపత్రిలో ఒక మంచం ఖాళీ ఉందని తెలిసి ఆటోలో పరుగెత్తాం. కౌంటర్లో అమ్మాయి కార్డు చూసింది. అందులో నా పేరుంది, పిల్లల పేర్లున్నాయి. మా ఆయన తల్లి పేరు లేదంది. కార్డు లేకుండా చేర్పించే స్తోమత మాకు లేదు. సర్కారు దవాఖానాకు పోతే గేటు బయట అంబులెన్సుల వరస. ఆ వరసలోనే, ఆటోలో, నా ఒళ్ళో తలపెట్టి అత్త పోయింది. అంతకుముందు ఒక్క మాట అడిగింది: "పెద్దోడు సంతకం పెట్టిండా?"

పెద్దోడు రెండు మాస్కులు కట్టుకుని వచ్చి దూరంగా నిలబడ్డాడు. కంట తడి లేదు.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి మేడ మీద విస్తరి వేశాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించి, కొంచెం మందు నేల మీద సాకబోసి, కాకి ముట్టేదాకా చూస్తాం. మిగిలిన మందు మగవాళ్ళు పంచుకుంటారు. బావ మా ఆయన పక్కకు జరిగాడు.

"తమ్మీ, కోటా సీసా ఉంది గద? అవ్వకు సాకబొయ్యాలె. ఇంకోటి, డెత్ సర్టిఫికెట్‌కు జర ఆగుదాం. ఈ నెల గింజలు ఇంక రాలే."

మా ఆయన తల దించుకున్నాడు. నేను కిందికి వెళ్ళి సీసా తెచ్చి, మూత తీసి, విస్తరి ముందు వంచాను.

"చాలు జమునా! సాకకు రెండు చుక్కలే!"

"తాగు అత్తమ్మా," అన్నాను. "నీ పేరు మీద నీ పెద్దకొడుకు ఏడాది తిన్నడు. ఇయ్యాల ఆయన వాటా నువ్వు తాగు."

సీసా ఖాళీ అయ్యేదాకా చెయ్యి దించలేదు. రమ్ము మేడ తూములోంచి కిందికి కారిపోతుంటే మా బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల్లి పోయాక ఆయన ఏడవడం అదే మొదలు.