మోచెయ్యి ఆనిన చోటు

నేను ఒక చిన్న పికప్ బండిని. చిన్న అని నేనే చెప్పుకోవడం ఎందుకంటే, రోడ్డు మీద లారీలు నన్ను చూసి హారన్ కూడా కొట్టేవి కావు, ముఖాన దుమ్ము కొట్టి పోయేవి. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక చెక్క తొట్టి, గుండ్రటి దీపాలు రెండు, ఇంతే నేను. నాలాంటి వాటిని తయారుచేసే కంపెనీ ఏనాడో మూతపడింది. ఇప్పుడు నన్ను చూసిన కుర్రకారు ఆగి మరీ ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. వయసులో ఉన్నప్పుడు ఒక్కరూ తిరిగి చూడలేదు. మనుషుల ముచ్చట ఎప్పుడూ ఇట్లాగే ఆలస్యంగా వస్తుంది.

నా చట్రం, ఇంజను, క్యాబిను ఎక్కడో ఉత్తరాదిన పుట్టాయి. వెనక తొట్టి మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో కట్టారు. అందుకని ముందు సగానికి తెలుగు రాదని, వెనక సగానికి తెలుగు తప్ప మరొకటి రాదని నాలో నేను నవ్వుకునేదాన్ని. నన్ను కొన్నవాడు తెనాలిలో గోలీసోడాలు చేసి అమ్మే వీరరాఘవులు. నా బతుకంతటికీ ఆయన ఒక్కడే యజమాని. నాలుగు చేతులు మారిన బండ్లు చెప్పే కబుర్లు నా దగ్గర లేవు, వాటికి తెలియని దుఃఖం ఒకటి మాత్రం ఉంది.

ఇంటి వెనక రేకుల పంచలో సోడా మిషను ఉండేది. పొద్దున్నే సీసాలు కడిగి, గ్యాసు పట్టించి, చెక్క పెట్టెల్లో సర్ది నా తొట్టిలోకి ఎక్కించేవాడు. దుగ్గిరాల, కొల్లిపర, వేమూరు, దారిలో ఉన్న కిళ్ళీకొట్లూ, సినిమాహాళ్ళూ అన్నీ మావే. దారి పొడుగునా వెనక సీసాల గలగల. ఎండలు ముదిరితే ఒక్కోసారి ఒక సీసా ఢామ్మని పేలేది. ఆయన ఉలిక్కిపడేవాడు కాదు. "పోయావా తల్లీ" అనేసి గేరు మార్చేవాడు.

ఆయన పొట్టి మనిషి. సీటు అంచుకు జరిగి, స్టీరింగు మీదికి వాలి, ఎదుటి అద్దంలోంచి ఎవరినో వెతుకుతున్నట్టు నడిపేవాడు. కుడి మోచెయ్యి మాత్రం తలుపు మీద, అద్దం దిగిపోయే అంచు మీద ఆనించేవాడు. ఎండైనా వానైనా అంతే. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చోట నా నీలం రంగు అరిగిపోయింది. తర్వాత ఇనుము తేలింది, నున్నబడి మెరిసింది, చివరికి ఆ బరువుకు కాస్త లోపలికి అణిగింది. చూసేవాళ్ళకు అదొక చొట్ట. ఆయన మోచేతికి మాత్రం గిన్నెకు మూత కుదిరినట్టు కుదిరేది.

ఇల్లు చిన్నది, ఇంట్లో జనం ఎక్కువ. మొగుడూ పెళ్ళాం నాలుగు మాటలు చెప్పుకుందామంటే చాటు లేదు. అందుకని సాయంత్రం తిరిగొచ్చాక వీరరాఘవులు వెంటనే దిగేవాడు కాదు. ఆయన భార్య సౌభాగ్యమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చేది. ఆయన తాగేదాకా తలుపు అంచు మీద, ఆయన మోచేతి పక్కన చెయ్యి వేసి నిలబడేది. చెంబెడు నీళ్ళు తాగడానికి అంతసేపు పట్టే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. వాళ్ళ కాపురంలో ముఖ్యమైన మాటలన్నీ అక్కడే, నా తలుపు దగ్గరే జరిగాయి.

తర్వాత ఊళ్ళోకి ప్లాస్టిక్ సీసాల డ్రింకులు వచ్చాయి. గోలీసోడా అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఒక వేసవిలో, మధ్యాహ్నం పూట సీసాలు కడుగుతూ వీరరాఘవులు అక్కడే కూలబడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది నాలోనే. మళ్ళీ ఇంటికి తీసుకొచ్చిందీ నాలోనే. వెళ్ళేటప్పుడు ఆయన తొట్టిలో పడుకుని మూలిగాడు, వచ్చేటప్పుడు మూలగలేదు. ఆ తర్వాత నన్ను నడిపే అవసరం ఎవరికీ రాలేదు. పెరట్లో రేకుల కింద నిలబెట్టారు. కోళ్ళు నా సీటు మీద గుడ్లు పెట్టుకున్నాయి.

సౌభాగ్యమ్మకు చక్కెరజబ్బు ముదిరి చూపు పోయింది. అయినా రోజూ సాయంత్రం గోడ పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. తలుపు అంచు తడిమి, ఆ అణిగిన చోట అరచెయ్యి పెట్టేది. "ఇవాళ పప్పులో ఉప్పెక్కువైందిలెండి. మీరుంటే గిన్నె అవతలికి నెట్టేసేవాళ్ళు" అనేది. "మనవరాలికి మీ నవ్వే వచ్చింది" అనేది. చూపు లేని మనిషికి మొగుడి ఫొటో ఎందుకు? ఆమెకు మిగిలిన మొగుడు నా తలుపు మీద అరచేతి పట్టంత ఉన్నాడు.

ఒకరోజు ఆమెకు ఏం తోచిందో, తలుపు తీసి ఆయన సీట్లో కూర్చుందామని కాలు పెట్టింది. తుప్పు తిన్న నా నేల విరిగి కాలు లోపలికి దిగబడిపోయింది. రేకు గీసుకుని కాలు చీరుకుపోయింది. ఆ కోసింది నేనే. అసలే చక్కెరజబ్బు, పుండు ఎంతకీ మానలేదు. కాలు తీసేయాల్సి వస్తుందేమోనని డాక్టరు బెదిరించేదాకా వచ్చింది. చూడవచ్చిన చుట్టాలంతా ఆ డొక్కును పాత సామాన్లవాడికి తోసేయమన్నారు. ఆమె మంచంలోంచే లేచి కూర్చుంది.

"ఆ బండి పోతే నేను బతకను" అంది.

కొడుకు శేషగిరి బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. మెత్తని మనసు. తల్లి పాదాలు ఒళ్ళో పెట్టుకుని, "పోనియ్యనమ్మా. మళ్ళీ నీకు గీసుకోకుండా మొత్తం బాగు చేయించుకొస్తా. కొత్తదానిలాగ ఉంటది, చూడు" అన్నాడు. కొత్తదానిలాగ అన్న మాటకు ఆమె ఏదో చెప్పబోయింది. కాని ఎదిగిన కొడుకుతో, నేను రోజూ మీ నాన్నతో తలుపు దగ్గర మాట్లాడుకుంటానురా అని ఏ తల్లి చెబుతుంది? "తొందరగా తీసుకురా నాయనా" అని ఊరుకుంది. మనుషులు ఒకరికొకరు చెప్పుకోవలసినవి వస్తువులకు చెప్పుకుంటారు. మాకేమో నోరు లేదు.

అట్లా నేను మళ్ళీ ఆటోనగర్ చేరాను. కాలేషా మేస్త్రీ అక్కడ పేరున్న టింకరు. రేకు పని అయ్యాక కళ్ళు మూసుకుని, అరచేతి కింద గుడ్డ పెట్టి, బండి ఒళ్ళంతా నిమురుతాడు. ఎక్కడైనా చెయ్యి ఆగిందంటే మళ్ళీ సుత్తి తీస్తాడు. "కంటికి తెలవకపోడం గొప్ప కాదు బాబూ, చేతికి తెలవకూడదు" అన్నది ఆయన మాట. నన్ను చట్రం దాకా విప్పాడు. తుప్పు నేల కోసి కొత్త రేకు అతికాడు. తొట్టికి కొత్త చెక్కలు వేశాడు. ఇంజను విప్పించి బాగుచేయించాడు. దొరకని సామాన్లు తన చేత్తో చేశాడు. శేషగిరి ఆదివారం వస్తే చాలు, అక్కడే ఉండి ఉప్పుకాగితంతో నా రంగు గీకేవాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు సుఖంగానే ఉంది. నొప్పి పోతుంటే ఎవరికి మాత్రం బాగుండదు?

ఒక ఆదివారం కాలేషా చెయ్యి తలుపు అంచు మీద ఆగింది.

"ఇదేంది బాబూ, ఇక్కడ అణిగింది?"

శేషగిరి తల ఎత్తకుండానే, "ఏమో మేస్త్రీ, ఎక్కడో తగిలించుంటారు. తీసెయ్యండి" అన్నాడు.

వద్దని అరవాలనిపించింది. నాకున్న గొంతు హారన్ ఒక్కటే, దానికి అప్పటికింకా వైర్లు కలపలేదు. కాలేషా లోపలినుంచి ఇనప దిమ్మ ఆనించి, పైన చిన్న సుత్తితో తట్టాడు. ఆ గుంట పడడానికి ఒక మనిషి బతుకంతా పట్టింది. పోవడానికి పక్కన పెట్టిన టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. దాని మీద పుట్టీ పూసి, సాపు చేసి, రంగు కొట్టారు. కాలేషా కళ్ళు మూసుకుని నిమిరాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది, నాకు ఏడుపొచ్చింది.

ఇంటికి తిరిగి వచ్చిన రోజు పెళ్ళి సందడి. నాకు పసుపు, బొట్టు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. వీధి వీధంతా వచ్చి చూసింది. శేషగిరి తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఆమె దీపాలు తడిమింది, బానెట్టు తడిమింది, తలుపు దగ్గరికి వచ్చింది. అరచెయ్యి అంచు మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు.

"బాగుంది నాయనా. ఎవరిదిరా ఈ బండి?"

"అదేందమ్మా, మనదే! నాన్న బండి!"

"మనదేనా" అంది. అందరూ నవ్వారు. ఆమె కాలు నొప్పిగా ఉందని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. పుండు మానింది కాని మనిషి మంచం దిగడం మానేసింది. కంచంలో అన్నం కెలికి వదిలేసేది. శేషగిరికి ఏమీ పాలుపోలేదు. నన్ను స్టార్టు చేసి, కిటికీ దగ్గర నిలబెట్టి, కొల్లిపర దాకా తిప్పుకొస్తా రమ్మని బతిమాలాడు. చివరికి గట్టిగా అడిగాడు, "నేనేం తప్పు చేశానో చెప్పమ్మా."

"ఆయన చెయ్యి తీసేశావు కదరా" అందామె.

అప్పుడు చెప్పింది, చెంబెడు నీళ్ళ దగ్గర్నించి పప్పులో ఉప్పు దాకా. శేషగిరి పెరట్లోకి వచ్చి నా మెట్టు మీద కూలబడ్డాడు. తీసెయ్యండి అన్న మాట తన నోటినుంచే వచ్చింది కదా. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, లేచి, నన్ను మళ్ళీ ఆటోనగర్ తోలాడు.

కాలేషా విషయమంతా విన్నాడు. "చొట్ట తీయమని జనం రోజూ వస్తారు. పెట్టమని వచ్చినోడివి నువ్వే" అని నవ్వబోయి, నవ్వలేకపోయాడు. "నాకు చెప్పుంటే ఆ చోట చెయ్యి కూడా పెట్టేవాణ్ణి కాదు బాబూ. ఎక్కడ ఆనించేవాడు మీ నాన్న?"

శేషగిరి కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "తెలవదు మేస్త్రీ. నేను ఎప్పుడూ ఎడంపక్క సీట్లో కూర్చునేవాణ్ణి. ఆ చెయ్యి నాకు కనపడేది కాదు."

"అయితే నువ్వు కూర్చో. మీ నాన్న కూర్చున్నట్టు కూర్చో."

అతను కూర్చున్నాడు. మోచెయ్యి తలుపు మీద ఆనించాడు. ఎర్రటి ఎండ. తండ్రి కూర్చున్న తీరు గుర్తుచేసుకుంటూ, అటు జరుగుతూ, ఇటు జరుగుతూ, ఎండలో కాలిన ఇనుము మీదినుంచి చెయ్యి మాత్రం తీయలేదు. కాలేషా సుద్దముక్కతో గీత గీశాడు. అది కాదు. జానెడు ముందు. నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు, ఎవరితో చెప్పను? కాలేషా తోలు చుట్టిన కొయ్యసుత్తితో మెల్లమెల్లగా ఆ చోటు అణిచాడు. తను అద్దంలా తేల్చిన రంగును తనే గీకి, ఇనుము కనిపించేదాకా రుద్దాడు. చేతికి తెలియకూడదని బతికిన మనిషి, చేతికి తెలియాలని పనిచేయడం అదే మొదలు. అయిపోయాక కళ్ళు మూసుకుని నిమిరి, చెయ్యి అక్కడ ఆగితే తల ఊపాడు.

సాయంత్రానికి ఇల్లు చేరాం. "ఒక్కసారి రామ్మా" అని శేషగిరి ఆమెను తీసుకొచ్చి తలుపు దగ్గర నిలబెట్టాడు. ఆమె అరచెయ్యి అలవాటైన చోటికే వెళ్ళింది. అక్కడ నున్నగా ఉంది, ఏమీ లేదు. చెయ్యి వెనక్కి జారింది. గుంటలో పడింది. ఆగింది.

శేషగిరి ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.

"ఇది ఆయనది కాదురా" అందామె.

అతని ముఖం వాడిపోయింది.

"ఆయనది ఇదిగో, ఇక్కడుండేది. పొట్టివాడు కదా, ముందుకు జరిగి కూర్చునేవాడు. నువ్వు మా నాన్న పోలిక, పొడుగు." గుంట చుట్టూ వేలితో మెల్లగా రాసింది. "ఇది నీ చెయ్యిరా." తర్వాత తడుముకుంటూ అతని కుడిచెయ్యి పట్టుకుని, మోచెయ్యి నిమిరింది. అక్కడ చర్మం కమిలి బొబ్బ లేచి ఉంది. "ఎండలో పెట్టావా? కాలలేదూ?"

మొగుడు పోయిన రోజు కూడా నలుగురి ఎదుట ఏడవని మనిషి, ఆ బొబ్బ మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు నేను పెరట్లో అదే రేకుల కింద ఉన్నాను. నేల గట్టిది, రంగు కొత్తది, ఎవరినీ గీరను. బయటినుంచి వచ్చినవాళ్ళు తలుపు మీద ఆ చొట్ట చూసి, ఇంత బాగా చేయించి ఇదొక్కటి వదిలేశారేమిటని అడుగుతుంటారు. సాయంత్రం కొట్టు మూసి వచ్చాక, శేషగిరి నాలోకి ఎక్కి కాసేపు ఊరికే కూర్చుంటాడు, మోచెయ్యి తలుపు మీద ఆనించి. సౌభాగ్యమ్మ గోడ పట్టుకుని, చెంబుతో నీళ్ళు తెస్తుంది. అతను తాగేలోపు ఆమె అరచెయ్యి ముందు, ఏమీ లేని ఆ నున్నటి చోట కాసేపు ఆగుతుంది. తర్వాత జానెడు వెనక్కి జరిగి, కొడుకు చేతిని చేరుతుంది.