చెవికి అందని సరస్సు

ముసలి తావెట్టి కాఫీని కప్పులోంచి సాసరులోకి ఒంపుకుని, ముందుపళ్ళ మధ్య చక్కెర బిళ్ళ బిగించి, దానిమీదుగా జుర్రుతూ కిటికీలోంచి బయటికి చూశాడు. నాలుగు రోజులుగా పీలినెన్ సరస్సు మీద లేస్తున్న ఆవిరి ఈ ఉదయం లేదు. ఆవిరి ఆగిందంటే నీళ్ళు గడ్డకట్టి మూతపడ్డట్టే. గాలి కూడా లేదు. పొరుగింటి పొగ నిట్టనిలువుగా పోతోంది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, ఒక బూటు తొడుక్కుని రెండోది మరిచిపోయి గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

పొట్టి మనిషి. నలభై చలికాలాలు గునపం ఎత్తీ దించీ కుడిభుజం ఎడమదానికన్నా బెత్తెడు కిందికి జారింది. వేసవిలో దుంగల్ని నీళ్ళలో తోలేవాడు, చలికాలం మంచుగడ్డ మీద దారి వేసేవాడు. గునపంతో కొట్టి చూడటం, యాభై అడుగులకో రంధ్రం చేసి స్ప్రూస్ చెట్టు కొమ్మ పాతడం, వెనకవాళ్ళు ఆ కొమ్మల వరస పట్టుకుని దీవులకు పోవడం. అంతకుమించి చెప్పుకోదగ్గ జీవితం కాదు. పేపర్లో పేరు పడలేదు, పెద్ద పట్నం చూడలేదు, భార్య హన్న పోయి ఆరేళ్ళయింది. అయితే తావెట్టి ‘సరే’ అనేదాకా ఒడ్డున ఉన్న మూడు ఊళ్ళలో ఎవరూ గడ్డ మీద కాలు పెట్టరు. అందరూ గడ్డను చూసి చెబుతారు, అతను విని చెబుతాడు.

ఆ వినడమే పోయింది. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే చెవుడు వచ్చిన సంగతి కూడా తొందరగా తెలియదు. కిందటేడు సరస్సు మూతపడ్డ రోజున వెళ్ళి నిలబడితే దాని నోట మాట లేదు. ఇంకా మోయదు, ఆగండి అన్నాడు. మర్నాడూ అంతే. నాలుగు రోజులు అలా ఆపాడు. ఐదో రోజున గునపంతో రంధ్రం కొట్టి చూస్తే గడ్డ జానెడు మందం ఉంది, గుర్రాన్నయినా మోసేది. ఆ నాలుగు రోజుల్లో దీవిలో ఉండే ఆల్మ అనే ముసలావిడ ఆవు మందు అందక చచ్చిపోయింది. జనం ‘తావెట్టి జాగ్రత్త మనిషి’ అన్నారు తప్ప ఒక్కమాట అనలేదు. గోడ మీది గడియారం చప్పుడు కూడా వినపడటం లేదని అతనికి ఆ రాత్రే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు, కానీ ఎవరికీ చెప్పలేదు.

రేవు దగ్గర సైమి ఎదురు చూస్తోంది. ముప్ఫై ఐదేళ్ళ మనిషి, దీవులకు టపా మోసేది ఆమే. అంచున కడుతూ విరుగుతూ ఉన్న పలుచటి గడ్డ వల్ల పడవ నడవక, మంచు మీద లాగే స్లెడ్జి నడవక పన్నెండు రోజులుగా సంచీ మోస్తూ ఒడ్డునే తిరుగుతోంది.

“బాబాయ్, ఇవాళైనా సరే అంటావా, లేక ఈ ఉత్తరాలన్నీ నేనే చదివి దీవివాళ్ళకి ఇటునుంచి అరిచి చెప్పనా?”

“నీ గొంతుకి గడ్డ పగులుద్ది. ఏముంది సంచీలో?”

“ఆల్మ అవ్వ గుండె మందు. పాత సీసా అయిపోయుంటుంది ఈపాటికి.”

తావెట్టి సరస్సు వైపు తిరిగాడు.

నలభై ఏళ్ళుగా చూస్తున్నదే, అయినా గుండె ఝల్లుమంది. నిన్నటిదాకా కదిలిన నీళ్ళు కదలడం మానేశాయి. మంచు ఇంకా పడలేదు కాబట్టి గడ్డ నల్లగా, ఒక్క గీత లేకుండా, అవతలి ఒడ్డు అడవిదాకా పరుచుకుని ఉంది. ఒడ్డు దగ్గర నీటి అడుగున గులకరాళ్ళు, నిన్న రాలిన ఆకు, గడ్డ లోపల పైకి వస్తూ వస్తూ ఆగిపోయిన గాలి బుడగలు, అన్నీ కనిపిస్తున్నాయి. ఆ నలుపులో పైనున్న ఆకాశం కూడా ఉంది. ఇంతటి పని ఒక్క రాత్రిలో, ఒక్క మనిషి చెయ్యి వెయ్యకుండా జరిగిపోయింది. తావెట్టి టోపీ తీశాడు. ఏటా తీస్తాడు. చర్చిలో కూడా అంత మనస్ఫూర్తిగా తీయడు.

ఇద్దరూ మెడలో మేకుల పిడులు వేసుకున్నారు, మునిగితే గడ్డలో గుచ్చి పైకి పాకడానికి. ముందు తావెట్టి గునపంతో, ఇరవై అడుగుల వెనక సైమి కొమ్మల స్లెడ్జి లాగుతూ. ఒక్క దెబ్బకు గునపం దిగబడితే వెనక్కి, దిగకపోతే ముందుకు. చెవి పోయినా చెయ్యి ఉందిగా, కర్రలోంచి వచ్చే అదురుతో నెట్టుకొద్దామనుకున్నాడు. అరగంట నెట్టుకొచ్చాడు కూడా. పదిహేను కొమ్మలు పాతారు.

రెండు బండరాళ్ళ మధ్య నీరు పారే చోటు వచ్చింది. అక్కడ గడ్డ ఎప్పుడూ ఆలస్యం. గునపం వేశాడు, నిలిచింది. అడుగు వెయ్యబోతూ ఎందుకో వెనక్కి చూశాడు. సైమి నిలువునా బిగుసుకుపోయి ఉంది.

“ఏమైంది?”

“ఏమైంది ఏంటి బాబాయ్! ఆ చప్పుడు వినలా?”

తావెట్టి ఎత్తిన కాలు నెమ్మదిగా వెనక్కి పెట్టాడు. ఇంకో అడుగు పడితే తను పోయేవాడు. పోతే పోనీ, తనని లాగడానికి ఈ పిల్ల వచ్చేది.

“వినలేదు,” అన్నాడు. “రెండేళ్ళయింది విని. మనుషులు ఎదురుగా మాట్లాడితే పెదాలు చూసి పట్టుకుంటా. సరస్సుకి పెదాలు లేవు. ఆల్మ ఆవుని చంపింది నేనే, సైమీ.”

సైమి స్లెడ్జి తాడు వదిలి, అతనికి తన మొహం కనపడేటట్టు ముందుకు వచ్చి నిలబడింది.

“రెండేళ్ళా? ముసలోడా, ఇంత పొగరు ఎక్కడ దాచావ్? సరే, నాకు చెవులున్నాయి. నీకు బుర్ర ఉంది. నేను విని చెప్తా, అదేమంటోందో నువ్వు చెప్పు.”

“ఇందాక ఎలా వచ్చింది?”

“దూరంగా మొదలై గబగబా మన దగ్గరికొచ్చి, కాళ్ళ కింద ‘బుడుక్’ మని ఆగింది. కడుపులో గాలి తిరిగినట్టు.”

“అది పల్చన. కుడికి పోదాం.” ఇరవై అడుగులు కుడికి జరిగి గునపం వేశాడు. “ఇప్పుడు?”

“ఠంగుమంది. ఆ వెంటనే... అబ్బ! టెలిగ్రాఫ్ తీగ మీద రాయి విసిరితే జుయ్యిమని పోతుందే, అట్లా. ఇక్కణ్ణించి మొదలై ఆ చివరదాకా పోయింది.”

“మన కాళ్ళ దగ్గర పుట్టి దూరం పోయేది మంచిది. గడ్డ బిగుసుకుంటోంది, దానికి చోటు చాలక పాడుతోంది. నడువు.”

అలా మొదలైంది. ఆమె ఆగి ఆగి చెబుతోంది. ఎక్కడో కొట్టం తలుపు మూసినట్టు, గాజు గ్లాసు అంచున తడివేలు తిప్పినట్టు, పిల్లి ఆకలికి ఏడ్చినట్టు. పిల్లి కాదు, బయటి గడ్డకీ లోపలి గడ్డకీ అతుకు పడుతోంది, అక్కడ కొమ్మ పాతకు అంటాడు అతను. నాన్న నేర్పినవి, ఎవరూ నేర్పకుండా తెలిసినవి, నలభై ఏళ్ళలో ఒక్కరికి కూడా చెప్పాలని తోచనివి నోటికొచ్చినట్టు చెప్పేశాడు. పన్నెండేళ్ళుగా ఈ దారినే తిరుగుతున్న సైమి మొదటిసారి సరస్సు మాట విన్నదానిలా నోరు తెరుచుకుని నడిచింది. ఒకసారి తూర్పు నుంచి పడమర దాకా పెద్దగా, లోతుగా ఒక మూలుగు పోయింది. ఆమె తెలియకుండానే అతని చెయ్యి పట్టుకుంది.

“ఇప్పుడేదో వచ్చింది కదూ?” అన్నాడు. “బూట్లలోకి తెలిసింది.”

“భయమేస్తోంది బాబాయ్. ఏడుపు కూడా వస్తోంది.”

“అంతే మరి. నాకు ప్రతి ఏడూ వచ్చేది.”

దీవి ఇక మూడు వందల అడుగులుందనగా తావెట్టి ఆగాడు. అక్కడ లోతు తక్కువ. కాళ్ళ కింద, గడ్డకు వీపు రాసుకుంటూ మూరెడు పొడుగు మాడె చేప కదలకుండా ఉంది. ఇక్కడి వాళ్ళు కొత్త గడ్డ మీద చెక్క సుత్తితో సరిగ్గా చేప తల పైన కొడతారు. చేప సొమ్మసిల్లుతుంది, రంధ్రం చేసి తీసుకుంటారు. సుత్తి తేలేదే అని తిట్టుకుంటూ, ఎంత లావుందో చూద్దామని బోర్లా పడుకుని, టోపీ చెవిరెక్క పైకి తోసి, గడ్డకు చెంప ఆన్చాడు.

అలాగే ఉండిపోయాడు.

“ఏంటి బాబాయ్, చేపతో మంతనాలా?”

“వినపడుతోంది,” అన్నాడు తావెట్టి.

గాలిలోంచి రానిది ఎముకలోంచి వచ్చింది. సన్నటి జుయ్యిలు, కొట్టం తలుపులు, అడుగున ఎక్కడో నీరు సర్దుకుంటున్న గొణుగుడు, అన్నిటినీ మోస్తూ ఆ పెద్ద మూలుగు, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు అతని పుర్రె గుండా పోయింది. రెండేళ్ళు నోరు మూసుకుందనుకున్నది ఒక్క క్షణం కూడా ఊరుకోలేదు. తావెట్టి పసివాడిలా ఏడ్చాడు.

“నువ్వు పద,” అన్నాడు కాసేపటికి తలెత్తి ఆమె మొహం చూస్తూ. “మిగిలిన ఆరు కొమ్మలు నువ్వే పాతు. మందు ఇచ్చిరా. నేను కాసేపు వింటా.”

“చలికి కర్రైపోతావు. ఆల్మ అవ్వ కాఫీ పెడుతుంది, రా.”

“ఆవు సంగతి ఇవాళ నేనే ఆమెకి చెప్పుకోవాలి. దానికి ముందు కొంచెం విననీ.”

సైమి వెళ్ళింది. గునపం వేసి, విని, కొమ్మ పాతింది. ఆరూ అలాగే పాతింది. ఆల్మకు మందు ఇచ్చింది. సీసాలో నిన్ననే చివరి చుక్క అయిపోయిందట. తావెట్టి గడ్డ మీద పడుకుని వింటున్నాడు, కాసేపట్లో వస్తాడని చెబితే ముసలావిడ మూడో కప్పు దించి, “అంత జాగ్రత్త మనిషి, గడ్డ మీద పడుకోవడం ఏంటే!” అని నవ్వింది.

అరగంటయినా అతను రాకపోతే సైమి కాఫీ సీసాను ఉన్ని మేజోడులో చుట్టుకుని తిరిగి వచ్చింది. అతను బోర్లా అలాగే ఉన్నాడు. పిలిచింది. పలకకపోతే, చెవుడు కదా అనుకుని దగ్గరికి వెళ్ళి భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, ఎవరో చెబుతున్నది పూర్తిగా విందామని ఆగినవాడిలా. నోటి దగ్గర గడ్డ మీద ఊపిరి మంచు పేరుకుని ఉంది. అది కొత్తగా పేరుకోవడం లేదు.

ఆమె ఒక్కతే కొమ్మల వెంట వెనక్కి నడిచి ఊళ్ళో చెప్పింది. రేవులోకి నలుగురు మగవాళ్ళు గుర్రాన్ని విప్పేసిన స్లెడ్జి తెచ్చారు. తెచ్చి, గడ్డ అంచున అలవాటు కొద్దీ ఆగిపోయారు.

“గుర్రానికి కాదు, చేత్తో లాగడానికే. మోస్తుందా?” అన్నాడు ఒకడు. “తావెట్టి సరే అన్నాడా?”

సైమి ఏడుపు ఆపుకుని తల వంచి విన్నది. కాళ్ళ దగ్గర పుట్టి, జుయ్యిమని, దీవి దాకా పోయింది.

“నేనంటున్నా. రండి.”

ముగ్గురు కలిసి ఎత్తితే గాని అతని చెంప గడ్డ నుంచి విడిపోలేదు. స్లెడ్జి మీద పడుకోబెట్టి, కొమ్మల పక్కనుంచి మెల్లగా లాక్కెళ్ళారు. అప్పటికి సూర్యుడు అడవిలోకి దిగాడు. నల్లటి గడ్డ మీద అతని వెచ్చదనానికి కరిగి మళ్ళీ గట్టిపడిన చిన్న పల్లం మిగిలింది, దాని అంచున అంటుకున్న రెండు తెల్ల వెంట్రుకలతో, చెవి ఆకారంలో.