క్యాబేజీ ఆకుల వైద్యం

మా ఆవిడ మల్‌సున్ ఎడమ రొమ్ములో పాలు గడ్డకట్టాయని తేల్చింది మా అక్క దొక్‌షిమ్. ఆదివారం ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి స్నానం చేసే స్నానశాలలో తన వీపు రుద్దుతుంటే చేతికి గట్టిగా తగిలిందట.

"మా చిన్నదానికే ఇరవై దాటాయి వదినా. ఇంకా పాలేంటి?"

"కొన్ని పాలు మా తమ్ముడిలాంటివి. ఓ పట్టాన కదలవు."

మా వైపు బాలింతకి రొమ్ము గట్టిపడితే చల్లటి క్యాబేజీ ఆకు కడతారు. యాభై దాటిన మనిషికి కట్టడం మాత్రం మా అక్క కనిపెట్టింది. నాది క్యాబేజీ లారీ, ఆకులకి కొదవ లేదు. మంచివే ఏరి ఇచ్చాను. పొద్దునకి ఆకు వాడిపోయేది, గట్టిదనం అలాగే ఉండేది.

అయినా మాకు భయం లేదు. సర్కారు ఉచిత పరీక్షలో రొమ్ముకి ఎక్స్‌రే ఫోటో తీసి ఏమీ లేదన్నారు. ఫోటోలో గడ్డే లేనప్పుడు కాన్సర్ ఎక్కణ్ణించి వస్తుంది?

ఓ పొద్దున చొక్కా మార్చుకోవడానికి చెయ్యెత్తితే రొమ్ము కింద చర్మం సొట్టపడింది. మల్‌సున్ అద్దంలో చూసుకుని, ఆకు తీసి చెత్తబుట్టలో వేసింది.

"పెద్దాసుపత్రికి పద."

"సరుకు దించాలే."

"ముందు నన్ను దించు."

అక్కడి డాక్టరమ్మ సూదితో ముక్క తీయించి, పరీక్ష అయ్యాక చెప్పింది. "పాలు తయారయ్యే గ్రంథుల్లో పుట్టే కాన్సరిది. ఎక్కువగా ముద్ద కట్టదు. కణాలు ఒకదాని వెనక ఒకటి బారులుగా పాకుతాయి. అందుకే చేతికి గడ్డలా తగలదు, గట్టిదనమే తెలుస్తుంది. ఫోటోలోనూ ఒక్కోసారి దొరకదు."

నాకు అర్థం కాలేదు.

"క్యాబేజీకి ఉప్పు పట్టినట్టు. ఎక్కడా కుప్పగా ఉండదు, అంతటా ఉంటుంది," అంది మల్‌సున్ నాతో. డాక్టరమ్మ వైపు తిరిగి, "చంకలోకి పాకిందా?" అనడిగింది.

"ఆపరేషన్ చేస్తేగాని తెలీదు."

రొమ్ము మొత్తం తీసేశారు. చంకలోకి పాకలేదన్నారు, కొన్నేళ్ళు మందులు మింగాలన్నారు. ఆ మాట విన్నాక నేను కూర్చున్న కుర్చీ గట్టిగా ఉందని తెలిసింది.

మర్నాడు మా అక్క ఆసుపత్రికి పేపర్లో చుట్టిన క్యాబేజీతో వచ్చింది.

"చల్లగా ఉంది. నొప్పి లాగుతుందనీ..."

"ఎక్కడ కట్టమంటావు వదినా?"

మా అక్క క్యాబేజీ మీద పేపరు మళ్ళీ సర్దింది.

"ఇంటికెళ్ళి ఉప్పెయ్యి. ఊరేసిన కిమ్చీ లేందే మీ తమ్ముడికి ముద్ద దిగదు. దానికి ముందు చొక్కా విప్పి చెయ్యెత్తు, నీకూ సొట్ట ఉందేమో చూస్తాను."

"ఇక్కడా?"

"స్నానశాలలో సిగ్గుపడ్డావా?"

అక్క క్యాబేజీ నా చేతిలో పెట్టి, నువ్వు బయటికి పో అంది. పోయాను. తలుపు తీసేదాకా వరండాలో దాన్ని పట్టుకునే నిలబడ్డాను.