దుప్పటికి నాలుగు మూలలు

కోర్టు హాల్లో మా అత్తగారు ముందు బల్ల మీద కూర్చుంది, నా భార్యను చంపినవాడి పక్కన. అతని బండిలోనే వచ్చింది. మంచినీళ్ళ సీసా మూత తీసి అతనికి అందిస్తోంది. చనిపోయినదాన్ని కన్నది ఆవిడే.

నేనూ నా కూతురూ వెనక బల్ల మీద ఉన్నాం.

నమ్మినవాళ్ళు అతన్ని పెద్దాయన అంటారు. నేను సీటు కవర్లు కుట్టే బజార్లో మాత్రం దుప్పటాయన అనేవాళ్ళు. కింది కోర్టు వాడికి ఏడేళ్ళు శిక్ష వేసింది. అప్పీలు పెట్టుకుని బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. ఒళ్ళు చేశాడు కూడా.

వాడి పద్ధతి ఇది. రోగిని నేల మీద పడుకోబెడతారు. తల మీదుగా దళసరి దుప్పటి కప్పుతారు. ఇంటివాళ్ళు నలుగురు నాలుగు మూలల మీద కూర్చుంటారు. వాడు గోడ దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు. లోపల మనిషి తన్నుకుంటే రోగం తన్నుకుంటున్నట్టు. నిమ్మళిస్తే రోగం దిగిపోయినట్టు. అప్పుడు కూడా వెంటనే దుప్పటి తియ్యకూడదు, పడుకోనివ్వాలి.

నా భార్యకి ఛాతీలో జబ్బు. ఆసుపత్రి మాత్రలు పడేవి కావు. "మింగడం, కక్కడం. జీతమిచ్చినా ఈ ఉద్యోగం నేను చెయ్యను" అని నవ్వి మానేసింది. అదను చూసుకుని మా అత్తగారు వాణ్ణి ఇంటికి తెచ్చింది, నేను పనిలో ఉన్నప్పుడు.

నేను ఇంటికొచ్చేసరికి ముందుగదిలో టీలు తాగుతున్నారు. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"చప్పుడు చెయ్యకు బావా. అక్క ఇన్నాళ్ళకి హాయిగా నిద్రపోయింది" అంది మా మరదలు. నాకూ ఒక గ్లాసు చాపింది.

నేను లోపలికెళ్ళి దుప్పటి తీశాను.

దానికి నాలుగు మూలలు. తలవైపు ఒకటి మా అత్తగారిది, రెండోది మరదలిది. కాళ్ళవైపు ఒకటి పక్కింటావిడది. ఇంకొకటి నా కూతురిది.

కేసు నడిచినప్పుడు పెద్దవాళ్ళు ముగ్గురూ మాట మార్చారు. దుప్పటే లేదన్నారు. నా భార్య తనంతట తానే పోయిందన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది నా కూతురొక్కతే. చెబుతూ బోను కొయ్యను గోళ్ళతో గీకుతూనే ఉంది. ఆ ఒక్క సాక్ష్యం మీదే వాడికి శిక్ష పడింది.

ఇవాళ వాడి తరఫు లాయరు లేచాడు. సన్నటి మనిషి. గొంతు పెంచడు.

"ఆ అమ్మాయి కింది కోర్టులో చెప్పిందే చదువుతాను. నా మాట ఒక్కటీ కలపను" అన్నాడు. చదివాడు.

మిమ్మల్ని మూలల మీద కూర్చోమని ఈయన చెప్పారా అని అడిగారట. లేదు, చెప్పక్కర్లేదు, చాలా ఇళ్ళల్లో చూశాం, మాకు తెలుసు, అందట. మీ అమ్మ తన్నుకుంటున్నప్పుడు గట్టిగా పట్టుకోమన్నారా అంటే, ఏమీ అనలేదు, కళ్ళు మూసుకుని ఉన్నారు, అందట.

నా పక్కన నా కూతురు తలాడిస్తోంది. అవును, అలాగే చెప్పాను, అన్నట్టు.

"ప్రార్థన చేయడం నేరం కాదు" అన్నాడు లాయరు. "గోడ పక్కన నిలబడటమూ నేరం కాదు. కూర్చున్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే కూర్చున్నారు. పట్టుకున్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. నా మనిషి ఆవిణ్ణి ముట్టుకోనే లేదు."

ఇద్దరు జడ్జీల్లో చిన్నాయన ప్రభుత్వం తరఫు లాయరమ్మ వైపు తిరిగాడు. "ఆయన చెప్పినట్టు ఎక్కడైనా ఉందా అమ్మా?"

"చెప్పాల్సిన పని లేదండీ. అది ఆయన నేర్పిన పద్ధతి..."

"పద్ధతి అందరికీ తెలుసు. నేనడిగేది ఆ రోజు, ఆ గదిలో. నోటితో గానీ చేత్తో గానీ చెప్పాడా?"

లాయరమ్మ కాగితాలు తిప్పింది. లేని దానికోసం ఎంతసేపు తిప్పుతుంది?

నేను లేచాను. లేవకూడదని తెలుసు.

"అయ్యా, పీట వేసి విస్తరి ముందు కూర్చోబెట్టాక తినమని ఎవరైనా చెప్తారా?"

హాలంతా వెనక్కి తిరిగింది. బంట్రోతు పరిగెత్తుకొచ్చి నా భుజం నొక్కాడు. "కూర్చో పెద్దాయనా, కూర్చో" అన్నాడు. ముందు బల్ల మీద దుప్పటాయన తననే అనుకుని ఉలిక్కిపడ్డాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పెద్ద జడ్జి నావైపు చూసి, గడియారం వైపు చూసి, తీర్పు భోజనాల తర్వాత అన్నాడు.

మధ్యాహ్నం నా కూతురు లోపలికి రానంది. మెట్ల మీద కూర్చుంది. నేనొక్కణ్ణే వెళ్ళాను.

తీర్పు చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. శిక్ష కొట్టేశారు. దానితో పాటు పెద్ద జడ్జి ఇంకో మాట అన్నాడు. ఆవిడ ఊపిరాడక పోవడానికి కారణం మూలల మీద కూర్చున్న కుటుంబ సభ్యులు తమంతట తాము చేసిన పని, వాళ్ళ మీద కేసు లేదు గనక ఆ విషయంలోకి మేం వెళ్ళడం లేదు, అన్నాడు. అని కళ్ళద్దాలు తుడుచుకుని తర్వాతి కేసు పిలిపించాడు.

వరండాలో మా అత్తగారు నాకెదురొచ్చింది. మొహం చేటంత అయింది. వయసు మళ్ళాక ఆవిడ అంత హుషారుగా నడవడం నేను చూడలేదు.

"విన్నావా అల్లుడూ! ఏ తప్పూ లేదన్నారు. నేను ముందే చెప్పలేదూ? దాని ఆయుష్షంతే. మనమేం చెయ్యగలం? ఇకనైనా ఆ కోపం దించుకో నాయనా."

ఆవిడకి సగమే అర్థమైంది. లేదా సగమే విన్నది. వాడు తప్పు చేసినవాడైతే తను కూతుర్ని తన బరువు కింద పెట్టి చంపుకున్నట్టు. అందుకని వాడు మంచివాడు కావాలి. ఇన్నేళ్ళూ వాడికి నీళ్ళ సీసా మోసింది అందుకే.

ఆవిణ్ణి నిలబెట్టి కోసెయ్యగలిగే మాట ఒకటి దొరికితే బాగుండునని నేను ఇన్నేళ్ళూ వెతుక్కున్నాను. కోర్టే రాసిచ్చింది. తప్పు వాడిది కాదన్నారు అత్తయ్యా, మూలల మీద కూర్చున్నవాళ్ళదన్నారు. అంతే అనాలి. నోరు తెరిచాను.

నా కూతురు మెట్ల మీంచి లేచి, వెనకాల దుమ్ము దులుపుకుంటూ మావైపు వస్తోంది.

"వెళ్ళండి. మీ బండి కదిలేలా ఉంది" అన్నాను.

ఆవిడ మనవరాలి బుగ్గ పుణికింది. "చిక్కిపోయావే పిల్లా. మీ నాన్న వండుతున్నాడా, ఆ సీటు కవర్లే పెడుతున్నాడా? పిన్ని రమ్మంటోంది, నాలుగు రోజులుండి పో" అని గబగబా వెళ్ళిపోయింది.

"ఏమన్నారు నాన్నా?"

"వదిలేశారు."

"ఎందుకు?"

"సాక్ష్యం చాల్లేదట."

ఏమన్నానో అన్నాకగానీ తెలియలేదు. దాన్ని కాపాడదామని ఏదో ఒకటి అన్నాను. ఉన్న సాక్ష్యం దానిదొక్కటే.

అది ఏడవలేదు. హాలు తలుపు వైపు చూస్తూ నిలబడింది.

"చేత్తో గానీ అని అడిగారు కదా జడ్జిగారు" అంది. "చెయ్యి ఊపాడేమో నాన్నా. నేను చూసుండను. అమ్మ పాదం బయటికొస్తుంటే లోపలికి నెడుతున్నాను."

పాదం నెట్టిన మాట అది కింది కోర్టులో చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

"ఊపే ఉంటాడు. లాయరమ్మతో చెప్పనా?" అంది.

"అయిపోయిందమ్మా" అని దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఊపాడనే చెప్తాను. ఒట్టేసి చెప్తాను."

లాయరమ్మ ఇంకో కేసు కట్ట చంకన పెట్టుకుని మా ముందునుంచే పోతోంది. నా కూతురు నా చెయ్యి వదిలించుకుని ఆవిడ వెనక పరిగెత్తింది. నేను పిలిచాను. ఆగలేదు.