మలుపు దాటిన దుంగ

అతను ఆకురాయిని రంపం పన్ను మీద ఆనించి, ఒక్క తోపు తోసి, ఎత్తి, తర్వాతి పన్ను మీద పెట్టాడు. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయి రంపానికి తగలకూడదు, తగిలితే పన్ను మొద్దుబారుతుంది. ఈ సంగతి చేతికి తెలుసు కాబట్టి బుర్రకి పని లేదు. ఆ బుర్ర పొద్దున్నించీ ఇంటి పెరట్లో, నీళ్ళ తొట్టి పక్క మలుపు దగ్గర పడి ఉంది. నిన్న సాయంత్రం కూడా దుంగల బొమ్మ బండి అక్కడే పల్టీ కొట్టింది మరి!

కోతమిల్లులో అందరూ అతన్ని ‘ఆకురాయి’ అనే పిలుస్తారు. పేరు విని గరుకు మనిషనుకునేరు, నోట్లో నాలుక లేనివాడు. మీసం రాకముందు చేరాడు, ఇప్పుడా మీసం తెల్లబడింది. రంపాలకి సానపట్టడం, వంగిన పళ్ళు సరిచెయ్యడం, రంపం పట్టీని మిల్లు చక్రాలకెక్కించి బిగించడం, ఇదే పని. రంపం వదులైతే తెగి మనుషుల మీదికొస్తుంది. అందుకని ఏ మర ముట్టుకున్నా చివర్న ఇంకో పిసరు బిగిస్తే గానీ అతనికి తృప్తి ఉండదు.

“టీ వచ్చింది, లేవవేం?” అన్నాడు కోత పనివాడు.

“భుజం లాగుతోందిరా. లేస్తే మళ్ళీ కూర్చోలేను. ఇటే ఇవ్వు.”

“ఏం చేశావు భుజాన్ని?”

“కుస్తీ పట్టాను. రంపం మోసేవాణ్ణి, ఇంకేం చేస్తాను?”

కోత పనివాడు నవ్వి గ్లాసు పక్కన పెట్టి వెళ్ళాడు. టీ సగం తాగేసరికి వికారంగా అనిపించింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చినందుకే అనుకున్నాడు.

సాయంత్రం గంట కొట్టాక పొట్టు కుప్ప పక్కన కూర్చుని చెక్క ముక్కలు ఏరుకున్నాడు. ఇది రోజూ ఉండేదే. సన్న గీతలున్న ముక్క బండి చట్రానికి, ముడి ఉన్న ముక్క పొయ్యికి. మేస్త్రీ మొదట్లో సణిగేవాడు, ఇప్పుడు మంచి ముక్క కనబడితే తనే కాలితో ఇటు తోస్తాడు. “పెళ్ళీ పెటాకులూ లేని మనిషివి, ఎవరికోసమయ్యా ఈ బొమ్మ బళ్ళు?” అని మాత్రం అడక్కుండా ఉండలేడు. “మా బావకి” అంటాడు అతను. జవాబు మారదు, ప్రశ్నా మారదు.

అక్కా బావల ఇంట్లోనే అతని మకాం. బావ అడవిలో దుంగలు లాగే చిన్న రైలింజను నడిపి రిటైరైన మనిషి. కొండ మీద చెట్టు కూలితే దాన్ని కిందికి తెచ్చేది బావ, కిందికి వచ్చినదాన్ని కోసే రంపానికి సానపట్టేది బామ్మర్ది. ఒకే దుంగకి ఆ చివరొకరు, ఈ చివరొకరు. అయినా అతను ఒక్కసారి కూడా అడవికి పోలేదు. సెలవు దొరికిన రోజు రైలు ఉండేది కాదు, రైలు ఉన్న రోజు సెలవు దొరికేది కాదు. రిటైరయ్యాక బావ ఒక షోకు చేశాడు. బ్యాటరీతో నడిచే ఇంజను, జానెడు ఎత్తుది, కొనుక్కొచ్చి పెరడంతా పట్టాలు పరిచాడు. “బళ్ళు నువ్వు చెయ్యరా” అన్నాడు. బావ చెబుతూ ఉంటే విని, అతను ఒక్కొక్కటే చేశాడు. దుంగలెత్తే క్రేను, నీళ్ళ బండి, పనివాళ్ళు కూర్చునే పెట్టె. నూనె డబ్బా రేకు కత్తిరించి బద్దీలు, గుండుసూదుల తలలతో మరమేకులు. చక్రాలు లేతు మిషను పనివాడు తిప్పి ఇచ్చేవాడు, బదులుగా వాడి ఉలులకి ఇతను సానపట్టేవాడు.

అన్నీ నడిచాయి. అసలుది, దుంగ మోసే జోడు బళ్ళు మాత్రం నడవలేదు. పొడవాటి దుంగకి ముందు ఒక బండి, వెనకొక బండి. ఆ రెంటినీ కలిపేది దుంగే. తిన్నగా ఉన్నంతసేపు రాజాలా పోతుంది, మలుపు రాగానే చక్రాలు పట్టా దిగి, దుంగతో సహా బోర్లా పడుతుంది. ఎన్ని రకాల చక్రాలు మార్చాడో! తల ప్రాణం తోకకొచ్చింది.

ఈలోపు బావ మంచం పట్టాడు. డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడంటే అర్థం తెలియనంత చిన్నపిల్లలెవరూ లేరు ఇంట్లో. మంచం కిటికీ పక్కకి జరిపించుకుని బావ ఒకటే మాట పట్టుకున్నాడు. “దుంగ పడకుండా ఒక్క చుట్టు తిరగాలిరా. అది చూస్తే చాలు, ఎవడు రమ్మన్నా పోతాను.”

ఇంటి ముందు మెట్లు నాలుగే. అతను రెండు ఎక్కి కూర్చున్నాడు. చెక్క ముక్కల సంచీ ఇంత బరువుందేమిటి? అక్క తలుపు తీసి చూసింది.

“ముఖమేంట్రా అలా పాలిపోయింది? డాక్టరుకి చూపించుకోమంటే వినవు.”

“ఇంటికి ఒక్క రోగి చాలక్కా. ఇద్దరం మంచమెక్కితే కిటికీ పక్కన చోటు చాలదు.”

“నీ నోట్లో మాట ఉంటే ఇలాంటిదే ఉంటుంది” అని సంచీ అందుకుని లోపలికి పోయింది. పగలంతా మొగుడికి చాకిరీ చేసి ఆమెకీ ఓపిక లేదు.

ముఖం కడుక్కుని, పెరట్లోంచి జోడు బళ్ళలో ఒకటి తీసి తుడుస్తుంటే బావ పిలిచాడు. “ఏదీ, ఇలా తే. ఎప్పుడూ పడ్డం చూడ్డమేగానీ చేత్తో పట్టుకున్నది లేదు.”

“పని పూర్తయ్యాక చూపిద్దామని...”

“నీ పని పూర్తయ్యేదాకా నేనుండాలిగా! తే.”

బావ చేతుల్లో ఇప్పుడు ఎముకలే ఉన్నాయి. బండిని పొట్ట మీద పెట్టుకుని, చక్రాలు దొర్లించి, రేకు బద్దీలు తడిమి, “అబ్బ, ఏం చేశావురా!” అన్నాడు. తర్వాత బావ బొటనవేలు దుంగ కూర్చునే అడ్డకొయ్య మీదికి పోయింది. పక్కకి నెట్టింది. కొయ్య కదల్లేదు. మళ్ళీ నెట్టింది.

బావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయి, దగ్గు ఆయాసమయ్యి, అక్క నీళ్ళతో పరిగెత్తుకొచ్చేదాకా పోయింది.

“ఒరేయ్... దీన్ని బిగించేశావేంట్రా?”

“బిగించక? వదిలేస్తే దుంగ అటూ ఇటూ ఊగదూ?”

“ఊగాలిరా! మలుపులో బండి పట్టాతో తిరుగుద్ది, దుంగ తిరగదు. ఈ కొయ్య మధ్యమేకు మీద గిర్రున తిరగాలి, లేకపోతే దుంగే బండిని ఎత్తి పారేస్తుంది.”

“నువ్వు చెప్పలేదుగా బావా.”

“చెప్పేదేముందిరా అందులో? అది అందరికీ...” అని బావ ఆగిపోయాడు. అడవిలో పనిచేసిన అందరికీ తెలుసు. అడవి చూడనివాడికి ఎలా తెలుస్తుంది? ఒకడు చెప్పాలని అనుకోలేదు, ఇంకొకడు బిగించకుండా ఉండలేడు. ఇద్దరి తెలివీ కలిసి ఇన్నాళ్ళు దుంగని మట్టి కరిపించింది. అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, “మీ వియ్యానికి తగ్గ కయ్యం” అని వంటింట్లోకి పోయింది.

మంచం అంచున కూర్చుని అతను మధ్యమేకు మర వదులు చేశాడు. “ఇంకా” అన్నాడు బావ. ఇంకో పిసరు తిప్పాడు. “ఇంకా.” ఇంతకంటే వదిలితే ఊడిపోదా అని చెయ్యి ఒప్పుకోలేదు. “ఇంకా వదలరా, ఏమీ కాదు.” వదిలాడు. బావ వేలు తగలగానే అడ్డకొయ్య గిర్రున తిరిగింది. రెండో బండికీ అలాగే చేసి పెరట్లోకి నడిచాడు.

వంగి రెండు బళ్ళూ పట్టాలెక్కించి, దుంగ పెట్టి గొలుసులు వేసేసరికి చెమటలు పట్టేశాయి. ఇంజను మీట నొక్కి, మలుపు దగ్గర గోడకి చేరగిలబడి నేల మీద కూర్చున్నాడు. రైలు తిన్నగా వచ్చింది. ముందు బండి మలుపు తిరిగింది. దుంగ మాత్రం తన దారిన తను మలుపుకి అడ్డంగా జారింది. అడ్డకొయ్యలు రెండూ తల తిప్పాయి. వెనక బండి తిరిగింది. అంతే! తొట్టి దాటి, కిటికీ కిందుగా పోయింది.

“పోయిందిరోయ్!” అని లోపల్నుంచి కేక. బావ గొంతులో అంత ఓపిక ఎక్కడిదో! “పడలేదు! ఏమేవ్, పడలేదే!”

అతనికి చాలా సంతోషమనిపించింది. చాలా అలసటగానూ అనిపించింది. ఏది ఎక్కువో తేల్చుకునే ఓపిక లేదు. భుజం నొప్పి చెయ్యంతా దిగింది. ఇంకొక్క చుట్టు చూసి లేద్దామనుకున్నాడు.

రైలు మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది.

“చాల్లేరా, ఆపు. బ్యాటరీ అయిపోద్ది” అన్నాడు బావ కిటికీలోంచి. కాసేపాగి, “ఆపరా! చెవుడా?” అన్నాడు. తర్వాత పెళ్ళాన్ని పిలిచాడు, నెమ్మదిగా.

అక్క టీ గ్లాసుతోనే వెళ్ళింది. తమ్ముడి పక్కన కూర్చుని భుజం పట్టి కదిపింది. రైలు అతని కాళ్ళ ముందునుంచి పోతూనే ఉంది. దాన్నెలా ఆపాలో ఆమెకి తెలీదు. ఇంజన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటే దాని చక్రాలు చీరలో తిరుగుతూనే ఉన్నాయి. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి మీట వెతికి ఆపింది.

ఇంట్లో జబ్బు మనిషున్నాడని తెలిసినవాళ్ళు చావు కబురు విని ఒక్కొక్కరే వచ్చారు. వచ్చినవాళ్ళు తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి, తెరిచి ఉన్న కళ్ళు చూసి తికమకపడ్డారు. “నేను కాదయ్యా” అన్నాడు బావ ప్రతివాడికీ. కోతమిల్లు మేస్త్రీ చెయ్యి పట్టుకుని మాత్రం వదల్లేదు. “ఎక్కడికి పోయినా అందర్నీ ముందు పోనిచ్చి, వెనకాల నిలబడేవాడయ్యా వాడు. టీకి పిలిచినా ఆఖరే, అన్నానికి పిలిచినా ఆఖరే. ఈ ఒక్కచోట నన్ను దాటుకుని పోయాడు. నా వంతుకి పోయాడు.” ముసలాయన చిన్నపిల్లాడిలా ఏడిచాడు. మేస్త్రీ చెయ్యి విడిపించుకోకుండా మంచం అంచున కూర్చున్నాడు.

మర్నాడు సాగనంపేటప్పుడు తమ్ముడికి కట్టాల్సిన బట్టల కోసం ఆ రాత్రి అక్క అతని గదిలోకి వెళ్ళి లైటు వేసింది. బల్ల మీద ఇంకో బండి చట్రం జిగురు పూసి, రెండు ఇనప బిగింపుల మధ్య పెట్టి ఉంది. అంచుల్లోంచి పొంగిన జిగురు బొట్లు ఆరి గట్టిపడ్డాయి. చక్రాల ఇరుసుల కోసం పెన్సిలుతో నాలుగు చుక్కలు పెట్టి ఉన్నాయి, చిల్లులు ఇంకా తొలవలేదు.