అల్లుడి నెత్తురు

"మీకెప్పుడన్న కామెర్లు అయినయా?" అని అడిగింది నర్సు.

"కాలేదు," అన్నాడు ప్రతాప్, తడుముకోకుండా.

తలుపు చాటున నిలబడి వింటున్న అత్తగారు రుక్మిణమ్మకు అది అబద్ధమని తెలుసు. ఎందుకంటే అయ్యాయి. పోయిన దసరాకు తరిగొప్పుల వచ్చిన అల్లుడు ఆమె ఇంట్లోనే మంచం పట్టాడు. కళ్లు పచ్చబడ్డాయి, గోళ్లు పచ్చబడ్డాయి, అన్నం కంచం చూస్తేనే వాంతికొచ్చేది. ఊళ్లో వాతలు పెట్టే ఓదెలును పెరటి దారిన పిలిపించి, ఎర్రగా కాలిన చువ్వతో అల్లుడి ముంజేతికి వాత పెట్టించింది. ఈ సంగతి వియ్యపురాలి చెవిన పడితే, మా పిల్లగానికి ఏం తినవెట్టిన్రని ఊరంతా వినేలా అడుగుతుంది. అందుకని అత్త, అల్లుడు, కూతురు ముగ్గురూ నోరు కుట్టేసుకున్నారు. కొన్నాళ్లకు పచ్చదనం పోయింది. జబ్బూ పోయిందనుకున్నారు. ఓదెలు మీసం దువ్వుకున్నాడు.

ఇప్పుడు ఆ కూతురు సునంద జనగామలో, స్టేషన్ దగ్గరి దవాఖానలో, లోపలి గదిలో పడి ఉంది. పొద్దున ఆడపిల్లను కన్నది. కాన్పయిన దగ్గర్నుంచి నెత్తురు ఆగడం లేదు. ఎనభైల మొదట్లో జనగామలో నెత్తురు సీసా అడిగితే వరంగల్ దారి చూపించేవాళ్లు. రుక్మిణమ్మ కొడుకు గోవర్ధన్ ఆ దారినే పోయాడు, వాన పట్టుకుంది, ఇంకా రాలేదు. రుక్మిణమ్మ నెత్తురు కలవలేదు. కలిసింది అల్లుడిదొక్కటే.

నర్సు వదలలేదు. "నిజం చెప్పుండ్రి సారూ. కామెర్లు తగ్గినా కొందరి నెత్తుట్ల దాని వైరస్ ఏండ్లకేండ్లు ఉంటది. మనిషి దిట్టంగనే కనపడ్తడు. ఎక్కించుకున్నోల్లకు తగులుకుంటది. కొందరికి కాలేయం ఖరాబై పానం మీదికొస్తది. మా దగ్గర దాన్ని చూసే పరీక్ష లేదు, అందుకే అడుగుతున్న."

"కాలేదని చెప్తున్న గదమ్మా! జల్ది తియ్యి," అని ప్రతాప్ చొక్కా చెయ్యి ఒక్కటే మడిచి, వాత లేని చేతిని చాపాడు.

అతను చెడ్డవాడు కాడు. పెళ్లాం చచ్చిపోతుందేమోనన్న భయం తప్ప అతని బుర్రలో ఆ నిమిషం ఇంకేమీ లేదు. అతని భయం అతనితో అబద్ధమాడిస్తే, రుక్మిణమ్మ భయం ఆమె గొంతు నొక్కేసింది. వాళ్ల ఇళ్లలో అత్త అల్లుడి ఎదుట పడదు. చెప్పవలసింది కొడుకుతోనో కూతురితోనో చెప్పిస్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ప్రతాప్ ముఖం చూసి ఒక్క మాట మాట్లాడింది లేదు. అలాంటిది, నలుగురిలో, ఈయన చెప్పేది అబద్ధమని ఎట్లా అనడం? ఏం మర్యాదో ఏమో, కూతురు ప్రాణం పోతుంటే కూడా కొంగు నెత్తిమీదికి లాక్కుంటోంది ఆ తల్లి.

మర్యాద ఒక్కటే అయితే తెంచుకునేదేమో. చెబితే ఆ నెత్తురు ఎక్కించరు, బిడ్డ ఇప్పుడే పోతుంది. చెప్పకపోతే ఆ పాడు పురుగును తనే బిడ్డ ఒంట్లోకి పంపినట్టవుతుంది. ఎటు చూసినా సునందే. రుక్మిణమ్మ, గోవర్ధన్ వస్తాడేమోనని వాకిట్లోకి చూసింది. వాన తప్ప ఎవరూ లేరు.

సీసా నిండింది. డాక్టరమ్మ దాన్ని పట్టుకుని లోపలి గదిలోకి అడుగు పెట్టబోతుంటే, రుక్మిణమ్మ అడ్డం వచ్చింది. ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. కొంగు జారిపోయింది.

"ఆగుండ్రి డాక్టరమ్మా. అల్లునికి కామెర్లు అయినయి. నా ఇంట్లనే అయినయి. నేనే వాత పెట్టిపిచ్చిన."

"అత్తమ్మా!" ప్రతాప్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎందుకు చెప్పినవ్? నీ బిడ్డను నువ్వే సంపుకుంటవా?" అని పెద్దగా ఏడ్చేశాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. అదే రుక్మిణమ్మను ఇంకా భయపెట్టింది.

"ఎప్పుడయినయి?"

"పోయిన దసరాకు."

"ఆ తర్వాత మొగుడూ పెళ్లాం ఒక్క దగ్గర్నే ఉన్నరా?"

రుక్మిణమ్మ సిగ్గుతో తల దించుకుంది. జవాబు పక్క గదిలో ఉయ్యాలలో నిద్రపోతోంది.

"అట్లయితే వినమ్మా. ఇది సూదితోనే కాదు, మొగుని నుంచి పెళ్లానికీ వస్తది. అతని నెత్తుట్ల ఉంటే నీ బిడ్డకు ఇప్పటికే వచ్చి ఉండొచ్చు. లేకనే పోవచ్చు. నాకు తెల్వది. కానీ ఇంకో గంట ఇట్లనే కారితే ఆమె దక్కదు, అది నాకు తెలుసు. నేను ఎక్కిస్తున్న."

ప్రతాప్ చేతులు జోడించాడు. రుక్మిణమ్మకు మాత్రం ఆ మాటల్లో ఒకటి ముల్లులా గుచ్చుకుంది.

"బిడ్డకు వచ్చి ఉంటే, మరి చంటిదానికో?"

"తల్లికి ఉంటే కాన్పుల పిల్లకూ రావచ్చు," అని డాక్టరమ్మ సీసాతో లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి సునంద పెదవులకు రంగు వచ్చింది. నెత్తురు కారడం ఆగింది. నర్సు నవ్వింది, ప్రతాప్ గోడకానుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. రుక్మిణమ్మ మాత్రం పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని గోళ్లు పచ్చబడ్డాయేమోనని మాటిమాటికీ చూస్తోంది.

సునంద కళ్లు తెరిచి తలపైన వేలాడుతున్న సీసాను చూసింది.

"అమ్మా, ఎవలిదే గా నెత్తురు?"

"నీ పెనిమిటిదే."

"గాయినదా?" సునంద ముఖం విప్పారింది. "గట్లయితే ఇంక నాకేం గాదే అమ్మా. బిడ్డను గిటియ్యి, జర పాలిస్త."

సూది లేని చేతిని చాపింది. ఆ చెయ్యి తన కూతురిది, ఒళ్లోది ఆ కూతురి కూతురు. రుక్మిణమ్మ ఇవ్వడానికనే లేచింది. పాలతోనూ వస్తుందో ఏమో, డాక్టరమ్మను అడగనేలేదు. లేచి, పసిదాన్ని గుండెకు ఇంకా గట్టిగా అదుముకుని, మంచానికి అడుగు దూరంలోనే నిలబడిపోయింది.